గాజు తీగ

కోర్టు కాగితాలు ఏప్రిల్‌లో వచ్చాయి.
మంచింకా కరగలేదు.
తౌనో పెరటి చివరి పాత ధాన్యపు కొట్టులోకి మారాడు,
ఒక మడత మంచం, కాఫీ గిన్నె,
రిపేరుకొచ్చిన పడవ ఇంజన్లు మూడు.
నా మెట్టు నుంచి అతని గుమ్మానికి నలభై ఆరు అడుగులు.
నా అడుగులు. అతనివైతే ముప్ఫై తొమ్మిది.

కుక్కకి విడాకుల సంగతి ఎవరూ చెప్పలేదు.
పొద్దున ఇక్కడ తిని, వెంటనే అక్కడికెళ్ళి
రెండు రోజులుగా పస్తున్నట్టు మొహం పెడుతుంది.

జూన్‌లో వచ్చి, మెట్టు కిందే నిలబడి అన్నాడు:
"ఇంజన్ల పటాలన్నీ ఇప్పుడు నెట్‌లోనే.
నీ ఇంటి వైఫై నా దుంగల గోడ దాటి రాదు.
కుర్చీ ఎక్కి కిటికీకి ఆనించి పట్టుకుంటే ఒక్క గీత."
నీ ఇంటి.
పాతికేళ్ళు తనే రంగులేసిన ఇంటిని.
బిల్లులో సగం ఇమ్మన్నాను.
మూడో వంతుకి తెగింది బేరం.

కుహ్మో దుకాణంలో యూసో అనే కుర్రాడు,
గడ్డం ఇంకా అక్కడక్కడే మొలిచినవాడు,
మమ్మల్ని మొగుడూ పెళ్ళాలనుకుని చెప్పాడు:
"రెండు కట్టడాల మధ్య రాగి వద్దండి.
ఇంటి ఎర్తింగ్ వేరు, కొట్టు ఎర్తింగ్ వేరు, పొసగవు.
ఒకచోట పిడుగు పడితే రాగి రెండోచోటికీ మోసుకుపోతుంది.
గాజు వేసుకోండి.
గాజులో వెలుతురు పోతుంది, పిడుగు పోదు."
తౌనో టోపీ తీసి, మళ్ళీ పెట్టుకున్నాడు.
పోయిన ఆగస్టు ఉరుముల రాత్రి మా మోడెం మాడిపోయింది.
ఆ రాత్రి మాడింది మోడెం ఒక్కటే కాదు.
నేను ధర అడిగాను.

మా నేల మట్టి కాదు, రాళ్ళకి పూసిన పూత.
ప్రతి చలికాలం కొత్త రాళ్ళని పైకి నెడుతుంది.
దోమల్లో మూడు రోజులు తవ్వాం.
అతను తిన్నగా పోదామన్నాడు,
నేను నల్ల ద్రాక్ష పొద చుట్టూ తిప్పమన్నాను.
"గాజు మెలి తిరిగితే విరుగుతుంది."
"అయితే మెల్లగా తిప్పు."
ఒకచోట పార ఆపి, "ఇక్కడ నీళ్ళ గొట్టముంది," అన్నాడు.
ఉంది. గీటైనా పడలేదు.
ఈ నేల కింద ఏది ఎటు పోతుందో అతనికే తెలుసు.
ఆస్తి పంపకాల్లో ఎవరూ రాయని పద్దు.

గొట్టంలో తీగ లాగే రోజు
అతను నా వంటింట్లో నిలబడి వదలాలి,
నేను అతని కొట్టులో కూర్చుని లాగాలి.
కేకేస్తే వినపడదు.
తాడు ఒకసారి గుంజితే ఆగు, రెండుసార్లైతే రానీ.
అతని అరలో ఒక పళ్ళెం, ఒక కప్పు. కడిగి, బోర్లించి.
నా ఇంట్లో ఒక్కనాడైనా కడిగాడా!
కోపంతో గట్టిగా లాగాను.
పొద దగ్గర ఇరుక్కుంది.
అవతల నుంచి ఒక్క గుంజు. ఆగు.
ఆగాను.
చాలాసేపటికి రెండు గుంజులు.
సబ్బునీళ్ళు పోశాడట, తర్వాత చెప్పాడు,
నా గిన్నెలు తోమే సబ్బే.

రెండు చివర్లా రెండు పెట్టెలు,
రెండింటి మీదా పచ్చ దీపాలు వెలిగాయి.
పాస్‌వర్డ్ అడగలేదు. అతను పెట్టిందేగా,
వాళ్ళమ్మ ఆవు పేరు, చివర మా పెళ్ళయిన ఏడాది.
మార్చాలి. బంగాళదుంపలు తవ్వాక మారుస్తాను.
యూసో చెప్పినట్టు గొట్టంలో ఇంకో తాడు వదిలేశాం,
ఎప్పుడైనా ఏదైనా లాగాల్సి వస్తే అని.

ఒకటో తారీఖున మెట్టు మీద కవరు,
గాలికి పోకుండా పైన స్పార్క్ ప్లగ్గు.
లెక్కపెట్టాను.
రెండు యూరోలు ఎక్కువున్నాయి.
తిరిగి ఇచ్చి రావాలి.